పెంచలకోన దారి యానాదుల చేతికి ఇవ్వండి

గౌరవనీయులైన రాష్ట్ర అటవీ శాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

పోయిన కార్తీకంలో మేము తొమ్మిది మందిమి నెల్లూరు నుంచి పెంచలకోన వెళ్లాము. అక్కడి నరసింహస్వామి దర్శనం చేసుకుని, దారి తెలిసినవాళ్లను ఎవరినీ అడగకుండా వాగు వెంబడి జలపాతం వైపు నడిచాము. తప్పు మాదే. సగం దూరంలో మా అక్క కొడుకు పాచి పట్టిన బండ మీద జారి పడ్డాడు. చూస్తుండగానే చీలమండ వాచిపోయింది. ఫోన్లలో సిగ్నల్ లేదు.

ఎదురుగా వస్తున్న ఒక యానాది గిరిజన పెద్దాయన తన తుండుగుడ్డ తడిపి పిల్లవాడి కాలికి బిగించి కట్టాడు. వాడిని వీపున ఎక్కించుకుని దిగుతూ ఒక చెదపుట్ట దగ్గర ఆగాడు. సగం కూలిన పుట్ట మట్టిని వేళ్లతో నలిపి, "రాత్రి ఎలుగు తవ్వింది, ఇంకా తడి ఆరలేదు చూడు" అన్నాడు. అంతదాకా ఏడుస్తున్న పిల్లవాడు మెడ సాచి మరీ చూశాడు. కింద ఆయన చేతిలో అయిదు వందలు పెడితే, ఒక రోజు కూలి కంటే ఎక్కువని కొంత తిరిగి ఇవ్వబోయాడు.

మంత్రి గారూ, ఈ జ్ఞానానికి జిల్లాలో పాత చరిత్రే ఉంది. కంపెనీ కాలంలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్ ఇక్కడి పక్షుల గురించి, జంతువుల గురించి యానాదుల దగ్గర ఎంతో తెలుసుకున్నాడు. ఇంగ్లీషులో ఆయన పేరు మోస్తున్న కలివికోడి అనే పక్షి ఎన్నో దశాబ్దాలు కనబడకుండా పోయి, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాన్ని పట్టి చూపినవాడూ స్థానికుడే. పెంచలకోన కథ కూడా అదే చెబుతుంది. నరసింహస్వామి ఇక్కడ వలచి పెళ్లాడింది చెంచులక్ష్మిని. అడవి ఇంటి అల్లుడి కొండకు దారి చూపవలసింది అత్తింటివాళ్లే కదా!

అందుకే నా విన్నపం. పెంచలకోన చుట్టూ ఉన్న పెనుశిల నరసింహ అభయారణ్యంలో, జలపాతం వరకైనా, అనుమతితో నడిచే ఒక కాలిబాట తెరవండి. ఆ బాటలో తోడు వెళ్లే పని చుట్టుపక్కల యానాది యువతీయువకులకు ఇవ్వండి. వాళ్లకు ప్రథమ చికిత్సలో శిక్షణ, గుర్తింపు కార్డు, నెలనెలా జీతం ఉండాలి. టిప్పుల మీద బతకమనడం న్యాయం కాదు. వన సంరక్షణ సమితి ద్వారా తలకోనలో స్థానికులే పర్యాటకం నడిపిన అనుభవం మీ శాఖకు ఉంది.

సిమెంటు మెట్లు, రిసార్టు మాత్రం వద్దండి. రోజుకు ఇంతమందే అన్న లెక్క పెట్టండి. మన జిల్లాకు ఈశాన్య రుతుపవనాల వానలే ప్రధానం కాబట్టి, అవి తగ్గాక ఎండలు ముదరక ముందు వరకే నడకకు అనుమతించండి. ఎండాకాలంలో ఆ ఆకురాల్చే అడవికి ఒక్క బీడీ ముక్క చాలు. ప్లాస్టిక్ సీసాలు కింద లెక్కపెట్టి పంపి, తిరిగి లెక్కపెట్టి తీసుకోవాలి.

ఎర్రచందనం దొంగల భయంతో ఈ కొండల్లో కొత్త మనిషి కనిపిస్తే అనుమానించవలసి వస్తోందని తెలుసు. అనుమతి పత్రంతో, స్థానికుడి తోడుతో నడిచేవాళ్లు రోజూ ఉంటే దొంగ గొడ్డలి చప్పుడు వినే చెవులు పెరుగుతాయి.

వచ్చే కార్తీకానికి మా పిల్లవాడు మళ్లీ వస్తానంటున్నాడు. ఈసారి ముందుగా రుసుము కట్టి, ఆ పెద్దాయన ఇంటి పిల్లలెవరైనా ముందు నడుస్తుంటే వెనక నడవాలని మా కోరిక.

ఇట్లు,
నెల్లూరు నుంచి ఒక పౌరుడు