ఓడెక్కే ముందు నీ జేబు సంగతి

ఒరేయ్ మాస్టారూ,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. డిసెంబరులో కొడుకూ కోడలూ మనవరాళ్లతో కరీబియన్ దీవులకి ఓడ ప్రయాణమని చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. మేం ఎక్కిన సాన్ హువాన్ రేవులోనే మీరూ ఎక్కుతున్నారు, దిగే దీవులు కూడా దాదాపు మేం దిగినవే. "డబ్బు ఎంత పట్టుకెళ్లాలి, ఏ రూపంలో పట్టుకెళ్లాలి, తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది" అని రాశావు. ముప్ఫై నాలుగేళ్లు బ్యాంకులో క్యాష్ కౌంటర్ వెనకాల కూర్చున్నాను, నన్ను కాక ఇంకెవర్ని అడుగుతావురా? తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను, నువ్వూ అలాగే చదువు.

ముందు ఓడ సంగతి. లోపల నోటు బయటికి తీసే పనే పెద్దగా ఉండదు. ఎక్కేటప్పుడు ఒక కార్డు ఇస్తారు. గది తాళమూ అదే, ఖాతా పుస్తకమూ అదే. డబ్బు పెట్టి కొనేది కాఫీ అయినా ఫొటో అయినా ఆ కార్డు చూపిస్తే డాలర్లలో నీ పేరున రాసుకుంటారు. దానికి ఒక క్రెడిట్ కార్డు జత చెయ్యాలి, లేదంటే కౌంటర్లో నగదు డిపాజిట్ కట్టాలి. డెబిట్ కార్డు మాత్రం ఇవ్వకు. నువ్వు వాడకముందే కొంత సొమ్ము పట్టి ఉంచుతారు, దిగిపోయాక అది వదలడానికి రోజులు పడుతుంది. సిబ్బందికిచ్చే టిప్పు కూడా మనిషికి రోజుకి ఇంతని చాలా ఓడల్లో ఖాతాలోనే పడిపోతుంది. అబ్బాయి టికెట్టుతో పాటే కట్టేశాడేమో కనుక్కో.

చివరి రాత్రి ఖాతా మొత్తం చూసుకోకుండా పడుకోకు. మా దాంట్లో మేం తాగని రెండు జ్యూసులు రాసి ఉన్నాయి. నీ చెల్లెలు "పోనిద్దురూ, అర్ధరాత్రి ఇప్పుడెందుకు" అంది. నేను వినలేదు, కిందికి దిగి కౌంటర్ దగ్గర వరసలో నిలబడ్డాను. రెండు నిమిషాల్లో తీసేశారు. పొద్దున్న దిగే హడావిడిలో ఆ పని జరిగేది కాదు.

ఇక నగదు. మన ఊళ్లో ఫారెక్స్ డీలరు దగ్గర ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల దాకా నోట్ల రూపంలో తీసుకోనిస్తారు. అంత నీకు అక్కర్లేదు. వారం రోజులకి మా ఇద్దరికీ 300 డాలర్లు సరిపోయాయి. కానీ ఆ మూడొందలూ మూడు నోట్లుగా పట్టుకెళ్తే అక్కడ చేతిలో డబ్బుండీ లేనట్టే. అబ్బాయిని వాళ్ల బ్యాంకుకి పంపి చిన్న నోట్లుగా మార్పించు. మేం ఒకట్లు యాభై, అయిదులు ఇరవై, పదులు అయిదు, ఇరవైలు అయిదు తీసుకెళ్లాం. ఒకట్లూ అయిదులే ముందు అయిపోయాయి. చిరిగినవి, పెన్నుతో రాసినవి ముందే ఏరి పక్కన పెట్టు, అక్కడ కొట్లవాళ్లు వెనక్కి ఇచ్చేస్తారు.

చిన్న నోట్లని ఎందుకంటున్నానో చెప్తాను. ఈ దీవుల్లో చాలాచోట్ల డాలర్లు పుచ్చుకుంటారు గానీ చిల్లర మాత్రం తరచుగా వాళ్ల డబ్బులోనే ఇస్తారు. ఓడ సాయంత్రం అయిదింటికి వెళ్లిపోతుంటే నాలుగింటికి నీ చేతిలో ఆ దీవి నోట్లు పెడితే ఏం చేసుకుంటావు?

సెయింట్ థామస్ అమెరికాదే, అక్కడ గొడవ లేదు. సెయింట్ మార్టెన్ నుంచి జాగ్రత్తగా ఉండాలి. ఒకటే దీవి, సగం డచ్చి వాళ్లది, సగం ఫ్రెంచి వాళ్లది, మధ్యలో గేటూ లేదు, పోలీసూ లేడు. డచ్చి వైపు 2025 మార్చి 31 నుంచి కరీబియన్ గిల్డర్ అని కొత్త డబ్బు వచ్చింది. డాలరుకి 1.79 గిల్డర్లు, పాత గిల్డరుకీ ఇదే రేటు ఉండేది. ఫ్రెంచి వైపు వెళ్తే ధరలు యూరోల్లో. "ఒక డాలరు ఒక యూరో" అని బోర్డు పెట్టిన కొట్టు కనిపిస్తే, ఆ రోజు యూరో డాలరు కన్నా ఎక్కువుంటే నగదు తియ్యి. ఆ తేడా నీకు లాభం.

ఓడ ఆగేది డచ్చి వైపు ఫిలిప్స్‌బర్గ్‌లో. అక్కడ ఫ్రంట్ స్ట్రీట్‌లో నగల కొట్లు, కెమెరా కొట్లు మన సింధీ వాళ్లవి చాలా ఉన్నాయి. హిందీ వినపడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. నేను దెబ్బతిన్నది కూడా ఆ వీధిలోనే ఒక కొట్లో. మనవడికి ఎనభై డాలర్ల గడియారం కొని కార్డు ఇచ్చాను. మిషను మీద రెండు అంకెలు వచ్చాయి, ఒకటి డాలర్లలో, ఒకటి రూపాయల్లో. కొట్టతను రూపాయలు నొక్కి నాకు చూపించాడు. మన డబ్బే కదా, లెక్క సులువని ఊరుకున్నాను. ఇంటికొచ్చి ఆ రోజు రేటుతో గుణించి చూస్తే నాలుగొందల యాభై రూపాయల పైన ఎక్కువ పడింది. మాస్టారూ, ఎక్కడైనా సరే మిషను అడిగితే అక్కడి డబ్బే నొక్కు, లేదా డాలర్లు నొక్కు. రూపాయలు మాత్రం వద్దు. మన క్రెడిట్ కార్డులు చాలావాటికి విదేశీ లావాదేవీ మీద 3.5 శాతం దాకా రుసుము ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే పదివేలకి 413 రూపాయలు. విదేశీ డబ్బు ముందే నింపుకునే ఫారెక్స్ కార్డులో డాలర్లు వేసుకుంటే డాలర్లలో కట్టే చోట ఆ ఖర్చు తప్పుతుంది. మన యూపీఐ మీద మాత్రం ఆశ పెట్టుకోకు.

సెయింట్ కిట్స్, సెయింట్ లూషియా రెండింట్లోనూ ఒకటే డబ్బు, తూర్పు కరీబియన్ డాలరు. అక్కడివాళ్లు ఈసీ అంటారు. ఎనిమిది చిన్న దేశాలకీ దీవులకీ కలిపి ఒకే కేంద్ర బ్యాంకు, దాని ఆఫీసు సెయింట్ కిట్స్‌లో బాస్టెర్‌లోనే ఉంది. ఒక అమెరికా డాలరుకి 2.70 ఈసీ. 1976 నుంచి ఆ రేటు కదల్లేదు! బ్యాంకులో పనిచేసినవాడికి అది ఎంత గొప్పగా కనిపిస్తుందో నీకెలా చెప్పను? కాబట్టి కిట్స్‌లో వచ్చిన చిల్లర పారెయ్యకు, లూషియాలో చెల్లుతుంది. ఆ నోట్లు ప్లాస్టిక్కువి, బొమ్మ నిలువుగా ఉంటుంది. బీచిలో నా జేబులోది తడిసింది. చొక్కాకి తుడిస్తే ఆరిపోయింది. నువ్వు సోషల్ చెప్పినవాడివి కాబట్టి ఇంకోటి చెప్తా. వంద నోటు మీద సర్ ఆర్థర్ లూయిస్ ఉంటాడు. సెయింట్ లూషియా బిడ్డ, 1979లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు.

ఆ దీవిలో కాస్ట్రీస్ బజారుకి వెళ్లాం. దాల్చినచెక్క, జాజికాయ, కోకో కడ్డీలు కుప్పలు పోసుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. అట్టముక్క మీద 20 అని రాసి ఉంది. నేను ఇరవై అమెరికా డాలర్ల నోటు ఆవిడ ముందు పెట్టి, పొట్లం తీసుకుని కదిలాను. ఆవిడ లేచి వచ్చి నా ముంజేయి పట్టుకుంది. "ఈసీ, డార్లింగ్, ఈసీ!" అంటూ ఏప్రన్ జేబులోంచి డబ్బు తీసి నా అరచేతిలో లెక్కపెట్టింది. ఒక ఇరవై నోటు, ఒక పది నోటు, నాలుగు డాలరు బిళ్లలు. 54లో 20 పోతే 34. పైసా తేడా లేదు. ఒక్కో బిళ్లా పెడుతూ నా మొహంలోకి చూసింది, నేనూ లెక్కపెడుతున్నానా లేదా అని. కౌంటర్లో నేను పెన్షన్ ముసలివాళ్లకి అలాగే లెక్కపెట్టి ఇచ్చేవాణ్ణి. ఆవిడ ఊరుకుంటే నాకు ఎప్పటికీ తెలిసేదే కాదురా.

అందుకని ఆ దీవుల్లో ఎవరు ఏ ధర చెప్పినా ముందు ఒక్క మాట అడుగు: "యూఎస్సా, ఈసీయా?" టాక్సీ ఎక్కకముందే అడుగు, దిగాక కాదు.

బార్బడోస్‌లో వాళ్ల డబ్బు వేరు. రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికా డాలరు. నలభై అంటే ఏ నలభయ్యో అక్కడా అడగాలి. నీలం రంగు సర్కారు బస్సులో మనిషికి 3.50 తీసుకున్నారు, వాళ్ల డబ్బులోనే. ఆ బస్సుల్లో చిల్లర ఇవ్వరు, సరిగ్గా పట్టుకుని ఎక్కాలి. నేను ఒక కొట్లో నీళ్ల సీసా కొని కావాలనే చిల్లర తెచ్చుకున్నాను. అందులో ఒక అయిదు డాలర్ల నోటు వచ్చింది. తిప్పి చూస్తే వెస్టిండీస్ క్రికెట్ కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్!

రేడియోకి చెవి ఆనించి కామెంటరీ విన్న మనకి ఆ పేరు చెప్పాలా? 1962లో అదే దీవిలో మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్‌కి తలకి బంతి తగిలి పుర్రె చిట్లితే, ఆసుపత్రిలో రక్తం ఇచ్చినవాళ్లలో వొరెల్ ఒకడు. అవతలి జట్టు కెప్టెనుకి! బస్సు వచ్చింది, నీ చెల్లెలు ఎక్కమని పిలుస్తోంది, నేను ఆ నోటు పట్టుకుని ఎండలో నిలబడిపోయాను. దాన్ని ఖర్చుపెట్టలేదు.

తిరిగొచ్చాక మిగిలిన డాలర్ల గురించి భయం వద్దు. 2,000 డాలర్ల దాకా నోట్లు ఇంట్లో ఉంచుకోవచ్చు, అంతకుమించినవి 180 రోజుల్లో మార్చెయ్యాలి. నాణేలకైతే పరిమితే లేదు, మనవరాళ్లకి బిళ్లలు ఏరుకొచ్చిపెట్టు.

వొరెల్ నోటు నీకోసమే దాచాను. కవర్లో పెట్టి పోస్టులో వెయ్యడానికి మనసొప్పలేదు. సంక్రాంతికి వస్తావుగా, నీ చేతికే ఇస్తాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
క్యాషియర్