జ్వరం తగ్గిన రోజే అసలు జాగ్రత్త

ఎడిటర్ గారికి నమస్కారం,

వానలు మొదలైన దగ్గర్నుంచి పేపర్లో డెంగీ వార్తలు రోజూ వస్తున్నాయి కానీ ఎక్కడ చూసినా ప్లేట్‌లెట్లు ఎన్నికి పడిపోయాయన్న లెక్కే, ఇంట్లోవాళ్ళు ఏం కనిపెట్టుకుని ఉండాలో ఎవరూ రాయట్లేదు.

ఉన్నట్టుండి హై ఫీవర్, కనుగుడ్ల వెనకాల నొప్పి, కీళ్ళు విరగ్గొట్టినట్టు సలుపు, ఒంటిమీద ఎర్రటి దద్దుర్లు ఉంటే మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్-1, తర్వాతైతే ఐజీఎం అనే రక్తపరీక్ష చేయిస్తారు. ఈలోపు చాలామంది ఒళ్ళునొప్పులని డైక్లోఫెనాక్ ఇంజక్షన్ వేయించేసుకుంటారు, లేదంటే బ్రూఫెన్ మింగుతారు, డెంగీలో అవి రక్తస్రావం రిస్క్ పెంచుతాయండీ, జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే వాడాలి, అదీ డాక్టర్ చెప్పిన డోసులోనే.

అసలు ప్రమాదం మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, జ్వరం దిగి అందరూ హమ్మయ్య అనుకునేటప్పుడు వస్తుంది. కొందరికి రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోయి బీపీ పడిపోతుంది. మా చెల్లెలి కొడుక్కి అదే జరిగింది, జ్వరం లేదు, చాప మీద మగతగా పడున్నాడు, నీరసంలే పడుకోనివ్వండి అన్నారందరూ, పక్కింటి ఏఎన్ఎం గారు వచ్చి అరికాళ్ళు పట్టుకు చూసి ఇంత చల్లగా ఉన్నాయేంటని అప్పటికప్పుడు ఆటో పిలిపించారు. ప్లేట్‌లెట్లు 60 వేలున్నాయి, డాక్టర్ గారు దానికి కంగారు పడలేదు, హెమటోక్రిట్ పెరిగిందని, అంటే నీరు తగ్గి రక్తం చిక్కబడిందని, వెంటనే సెలైన్ పెట్టారు. ఆగని వాంతులు, విపరీతమైన కడుపునొప్పి, చిగుళ్ళలోంచి రక్తం, నల్లటి విరేచనం, యూరిన్ తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

ఆయుర్వేదం అంటే నాకు నమ్మకమే. తమిళనాడులో ప్రభుత్వమే సిద్ధ వైద్యంలోని నేలవేము కషాయం పంచింది. బొప్పాయి ఆకు రసంతో ప్లేట్‌లెట్లు కాస్త త్వరగా పెరుగుతాయని కొన్ని చిన్న స్టడీలు చెప్తున్నాయి, ప్రాణం కాపాడుతుందని మాత్రం రుజువు కాలేదు, పైగా వాంతులవుతున్న పిల్లాడికి ఆ చేదు బలవంతంగా పోస్తే లోపలున్న నీళ్ళు కూడా పోతాయి. తిప్పతీగతో కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి, డెంగీలో లివర్ మీద ముందే భారం ఉంటుంది కాబట్టి డాక్టర్ని అడగకుండా వద్దు. ఆయుర్వేదం చెప్పే తేలికపాటి తిండి మాత్రం, జావ, పెసరకట్టు, పల్చటి మజ్జిగ, కోలుకునేటప్పుడు బాగా పనికొస్తుంది, దాంతోపాటు ఓఆర్ఎస్, కొబ్బరినీళ్ళు, బాగా రెస్టు.

మీరు డెంగీ వార్త వేసినప్పుడల్లా పక్కనే ఈ ప్రమాద లక్షణాలు చిన్న బాక్సులో పెద్ద అక్షరాలతో వేయండి సార్, ముఖ్యంగా జిల్లా ఎడిషన్లలో.

ఇట్లు,
మీ పాఠకురాలు