అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

మా అబ్బాయికి ఆటిజం. ఐదో తరగతి అయిపోవస్తోంది, జూన్‌లో హైస్కూలుకు వెళ్లాలి. ఇంట్లో ఇప్పటి నుంచే టెన్షన్. టీసీలో పుట్టుమచ్చలు రాస్తారు గానీ, బెల్లు గట్టిగా మోగితే వాడు చెవులు మూసుకుని బెంచీ కిందికి దూరతాడని రాయరు. దాహమైతే నోటితో అడగడు, సీసా మూత గోకుతాడు. ఇప్పటి టీచరమ్మకు ఇవన్నీ తెలుసు. కొత్త బడిలో సార్లకు ఎవరు చెబుతారు?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి పిల్లలకు 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు ఇచ్చింది. బడి మారేటప్పుడు పట్టించుకోకపోతే అది కాగితం మీదే ఉండిపోతుంది.

వేసవి సెలవులకు ముందే భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) టీచరు, రెండు బడుల టీచర్లు, తల్లిదండ్రులు ఒకచోట కూర్చునేలా ఆదేశాలివ్వండి. పిల్లలకు కొత్త తరగతి గది, బాత్రూమ్ ముందే చూపించాలి. ఏప్రిల్‌లోపు ఉత్తర్వులు రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తల్లి, అనంతపురం