మా కోళ్ళను కాచిన ముగ్గురికీ వందనాలు

కాశీ నుంచి క్షేమంగా వచ్చేసినాం. యాత్ర ఎట్లా జరిగిందని అడిగేవాళ్ళకంటే కోళ్ళు ఎట్లుండాయని అడిగేవాళ్ళే ఎక్కువగా ఉన్నారు. అవి మాకంటే బాగున్నాయి. మేం నల్లబడి, చిక్కిపోయి వచ్చినాం. అవి ఈకలు నిగనిగలాడుతూ దొడ్డంతా తిరుగుతున్నాయి. దానికి కారణమైన ముగ్గురికి నలుగురి ముందూ చెప్పుకోవాల్సింది ఉంది. పేర్లు వేస్తే మాట్లాడనని పెద్దమ్మ ఒట్టు పెట్టింది కాబట్టి వేయడం లేదు. పేరూరు వైపు మా వీధివాళ్ళకు ఎవరెవరో ఎట్లాగూ తెలుసు.

మేం పోయింది మే నెలలో. గంగమ్మ జాతర చాటింపు పడితే పొలిమేర దాటకూడదని మా అత్త పట్టు. అందుకని చాటింపుకు ముందే ఇల్లు కదిలినాం. జాతర వారంలో తిరుపతిలో నాటుకోడికి ఎంత గిరాకీయో మీకు చెప్పక్కర్లేదు. ముందు గేటుకు తాళం, వెనక దొడ్లో పద్దెనిమిది నాటుకోళ్ళు! "ధైర్యమే మీకు" అని ఎదురింటాయన నవ్వినాడు. అది చాలనట్టు ఇంకో పెట్ట గంపలో పొదుగుడుకు కూర్చునుంది. దాని కింద పదకొండు గుడ్లు. ఇరవై ఒక్క రోజులు లెక్కేస్తే పిల్లలు లేచే సమయానికి మేం గంగ ఒడ్డున ఉంటాం.

సలహాలకు కొదవ లేదు. నాలుగు మూలలా గింజలు పోసి, పెద్ద తొట్టి నిండా నీళ్ళు పెట్టి పొమ్మన్నారు కొందరు. గింజలు అట్లా పడుంటే ఎలుకలొస్తాయి, ఎలుకల వెంట పాములొస్తాయి. ఇక ఎండకు మధ్యాహ్నానికే కాగిపోయే తొట్టి నీళ్ళను కోడి ముట్టదు. చిత్తూరులో ఉండే మా ఆడబిడ్డ "మా దొడ్లో తెచ్చి వదలండి, మావాటితో పాటే తిరుగుతాయి" అంది. మంచి మనసుతో అన్న మాటే, కానీ మేడ మీద అద్దెకుండే వెటర్నరీ కాలేజీ అబ్బాయి వద్దేవద్దన్నాడు. రెండు మందలు కలిస్తే ఒకదాని రోగం ఇంకోదానికి అంటుకుంటుంది, పైగా ఎవరు పెద్దో తేలేదాకా పొడుచుకుని చస్తాయి, చోటు మారిన బెదురుకు గుడ్లూ ఆపేస్తాయి అన్నాడు. మనిషే కోళ్ళ దగ్గరికి రావాలి గానీ కోళ్ళు మనిషి దగ్గరికి పోకూడదట. అదీ సొంత కోళ్ళు లేని మనిషైతే మరీ మంచిదట. పక్కింటి పెద్దమ్మకు రెండు మేకలున్నాయి, కోళ్ళు లేవు. అడగ్గానే "నువ్వు పోయి విశ్వనాథుణ్ణి చూసుకో, ఈటి సంగతి నాకొదిలెయ్" అనేసింది.

ఆయమ్మ గింజలు చల్లి వెళ్ళే రకం కాదు. మేం పోకముందే ఓ వారం పాటు పొద్దున్నే వచ్చి నా పక్కన నిలబడి తనే మేత వేసింది, కోళ్ళకు గొంతు అలవాటు కావాలని. మా పుంజు కొత్తవాళ్ళ కాళ్ళ మీదికి ఎగురుతుంది, ఎవర్నీ లెక్కచేయదు. మొదటి రెండు పూటలు చేట అడ్డం పెట్టుకుని వచ్చింది. తర్వాత చేట కనిపిస్తే పుంజే పక్కకు తప్పుకునేది.

ఎండ సంగతి ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దానికి దిక్కు. మేత అరగడానికీ ఒళ్ళు వేడెక్కుతుంది కాబట్టి నూకలు, సజ్జలు చల్లపొద్దునా సాయంత్రమే వేసేది, మధ్యాహ్నం గింజ చూపించేది కాదు. మట్టి మూకుళ్ళలో నీళ్ళు పూటపూటకూ మార్చింది. గూటికి పడమటి పక్క గోనెపట్టాలు కట్టి, ఎండ వాలేదాకా తడుపుతూ వచ్చింది. గుడ్లన్నీ నీవేనని ముందే చెప్పి పోయినాం. పుంజు తిరిగే మందలోని గుడ్లు ఈ వేడికి నిలవుండవని, ఏ రోజువి ఆ రోజే మా వీధిలో నెలలు నిండుతున్న అమ్మాయికి పంపించిందట. ఈ సంగతి ఆ అమ్మాయి చెబితేనే తెలిసింది.

పదకొండింటిలో తొమ్మిది పిల్లలు లేచినాయి. లేచిన రోజు అవి గింజ ముట్టలేదని పెద్దమ్మకు ఒకటే దిగులు. కడుపులో పచ్చసొన మిగిలుంటుంది, ఒకటి రెండు రోజులు ఏమీ తినకపోయినా ఏం కాదని అబ్బాయి నచ్చజెప్పినాడు. నీళ్ళ మూకుట్లో గులకరాళ్ళు వేయించింది కూడా అతనే, పిల్లలు పడి మునగకుండా. పెద్ద కోళ్ళకు కొక్కెర తెగులు టీకా మేం బయల్దేరడానికి చాలా ముందే వేసేసినాడు, ఒంట్లో బలం రావడానికి వారాలు పడుతుందని. ఇక పిల్లలకు ఏడో రోజు అదే తెగులుకు లసోటా టీకా చుక్కలు. ఆ మందుతో చిక్కేమిటంటే, సీసా వంద కోళ్ళకు సరిపోయేంత ఉంటుంది, ఒకసారి కలిపితే గంటా రెండు గంటల్లో వాడేయాలి. మావి చూస్తే తొమ్మిది. ఐసు పెట్టిన ఫ్లాస్కులో తెచ్చి, ముందు మా పిల్లలకు వేసి, మిగిలింది పారబోయకుండా వీధిలో కోళ్ళున్న ప్రతి ఇంటికీ తిరిగినాడట. అతనికి అప్పుడు పరీక్షలు కూడా నడుస్తున్నాయి. ఆ ఇళ్ళవాళ్ళు నాకు చెప్పిన థాంక్సులన్నీ ఇక్కడే అతనికి అప్పజెబుతున్నా.

ఇక పెదనాయన. నన్నడిగితే ఈ మొత్తంలో ఒక్కరోజు కూడా తప్పకూడని పని ఆయనదే. మేత ఓ పూట ఆలస్యమైతే కోడి గీరుకుని బతుకుతుంది. పొద్దు వాలినాక గూటి తలుపు వేయకపోతే మాత్రం తెల్లారేసరికి ఈకలే మిగుల్తాయి. కొండ దగ్గరున్న వాళ్ళం, అడవిపిల్లి ఉంది, నక్క ఉంది, వీధికుక్కలు సరేసరి. చీకటి పడేవేళకు కోళ్ళు వాటంతటవే గూటికి చేరతాయి. లెక్క చూసి గడియ పెట్టడమే మనిషి చేయాల్సింది. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. లెక్క తప్పుతుందా? రోజూ చీకటి పడగానే నా ఫోనుకు ఒక వాయిస్ మెసేజ్: "పాపా, పద్దెనిమిది టికెట్లు. రైట్."

ఒకనాడు మేం హారతి చూస్తా ఉన్నప్పుడు వచ్చింది, "పదిహేడే ఉండాయి. బండి కదిలేదిల్యా." ఇక హారతి మీద ధ్యాస ఎక్కడుంటుంది! మా అత్త అక్కడే గంగమ్మకు మొక్కేసింది, ఏ గంగమ్మకో నేను అడగలేదు. పెదనాయన టార్చి తీసుకుని కాలవ గట్టు చూసి, చింతచెట్టు కొమ్మలన్నీ చూసి, చివరికి వెనక ఖాళీ స్థలంలో ఉన్న చెనిక్కాయ కట్టె వామి దగ్గరికి పోయినాడట. వామి అడుగున గుంత చేసుకుని, ఎవరికీ తెలీకుండా పెట్టుకున్న ఏడు గుడ్ల మీద కూర్చునుంది మా నల్లపెట్ట! చీకట్లో కోడికి కళ్ళు సరిగా ఆనవు కాబట్టి కిక్కురుమనకుండా చంకలోకి వచ్చేసిందట. రాత్రి తొమ్మిదికి మళ్ళీ మెసేజ్: "స్టేజీ కాని చోట దిగిపోయినాది. ఎక్కించినా. పద్దెనిమిది. రైట్."

ఒక కోడిపిల్లను కాకి ఎత్తుకుపోయింది. మేం ఇంట్లో అడుగు పెట్టగానే పెద్దమ్మ మొదట చెప్పిన మాట అదే. ఆ రోజే పాత చీరలు కలిపి కుట్టి, పిల్లలు తిరిగే మేరకు పైన పందిరిలా కట్టేసింది. ఆ పిల్లకు బదులు చంద్రగిరిలో తన చెల్లెలి ఇంటి నుంచి ఒకటి తెచ్చిస్తానని ఇప్పటికీ అంటోంది. పెద్దమ్మా, మనిషి పక్కనే ఉన్నా కాకి ఎత్తుకుపోతుంది. ఆ మాట ఇక వదిలెయ్.

డబ్బు ఇద్దరూ తీసుకోలేదు. పెద్దమ్మకు గంగనీళ్ళ చెంబు తెచ్చినాం. పెదనాయన ఒకటే అడిగినాడు, అక్కడి బస్సు టికెట్ ఎట్లుంటాదో చూడాలని. ఆయన కోసమని ఆటో మానుకుని సిటీ బస్సెక్కినాం. ఆ టికెట్టును అటూ ఇటూ తిప్పి చూసి జేబులో పెట్టుకున్నాడు. వచ్చే నెల వాళ్ళు బెంగుళూరులో కూతురి ఇంటికి పోతున్నారు. మేకలు రెండూ నా పూచీ. పాలు పితకడం ఇప్పటి నుంచే పెద్దమ్మ దగ్గర నేర్చుకుంటున్నా.

కోడిపిల్లలు కావాలని అడిగినవాళ్ళకు ఒక మాట. ఎనిమిదో వారంలో ఇంకో టీకా ఉంది, అది పడేదాకా ఎవరికీ ఇవ్వను. ఆ తర్వాత అడిగిన వరుసలో ఇస్తా. మొదటి జత మాత్రం కడపకు, మేడమీది అబ్బాయి వాళ్ళమ్మకు.