ఆ నారింజ రంగు గొట్టం మరిచిపోకు

విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన రవీ,

నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. ఇంత ఆలస్యంగా బదులు రాస్తున్నందుకు క్షమించు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, పిల్లల పరీక్షలు అయిపోయాయి, ఇంటికి రంగులు వేయడం ఇంకా సాగుతూనే ఉంది; మిగిలినవి మరోసారి రాస్తాను. మాల్దీవుల డైవింగ్ పడవలో వారం రోజులు ఉండడానికి ఏమేం సర్దుకోవాలని అడిగావు. అన్నిటికన్నా ముందు నీకు చెప్పి తీరవలసిన సంగతి ఒకటి ఉంది.

నేను వెళ్లినప్పుడు నాలుగో రోజు మధ్యాహ్నం, పగడపు దీవులు ఉంగరంలా పేర్చినట్టుండే వావు అటాల్‌లో ఒక కండులో దిగాము. సముద్రపు నీరు అటాల్‌ లోపలికీ బయటికీ పారే దారిని అక్కడ కండు అంటారు. కరెంటు బలంగా లోపలికి తోసే వేళ సొరచేపలు ఆ ముఖద్వారం దగ్గరే తిరుగుతుంటాయి. 28 మీటర్ల లోతున, పగడం లేని ఉత్త రాయి చూసి కొక్కెం తగిలించి, దారానికి కట్టిన గాలిపటంలా నిలిచి పదకొండింటిని లెక్కపెట్టాను. నువ్వు పక్కన ఉంటే ఎంత బాగుండేదో! గైడు కదలమని సైగ చేశాడు. నా జోడీ అతని వెంట కదిలాడు. నా కొక్కెం మాత్రం రాతి సందులో బిగుసుకుపోయింది. దాన్ని విడిపించుకుని తల ఎత్తేసరికి నా చుట్టూ నీలం తప్ప మరేమీ లేదు; ఎవరి బుడగలూ కనిపించలేదు.

రుషికొండలో మనకు నేర్పినట్టే ఒక నిమిషం వెతికి, మెల్లగా 5 మీటర్ల లోతుకు వచ్చి, బోయ విప్పాను. పొడవాటి నారింజ రంగు గుడ్డ గొట్టం అది. దారపు ఉండను శరీరానికి తగిలించకుండా చేత్తోనే పట్టుకుని, గొట్టం మూతిలోకి గాలి వదిలితే అది చేతిలోంచి ఎగిరి పైకి పోయింది. మూడు నిమిషాలు ఆగి నేనూ పైకి వచ్చాను. అలలు తలకన్నా ఎత్తుగా లేస్తున్నాయి, మమ్మల్ని దింపిన దోనీ (అక్కడి పడవ) చాలా దూరంలో మినపగింజంత కనిపిస్తోంది, పడమటి నుంచి వాన కమ్ముకొస్తోంది. దారాన్ని గట్టిగా కిందికి లాగి పట్టుకుంటేనే ఆ గొట్టం నిటారుగా నిలబడుతుంది, వదులైతే నీటి మీద వాలిపోతుంది. ఇరవై నిమిషాల పాటు రెండు చేతులతో దాన్ని అలాగే పట్టుకున్నాను. ఈల ఊదాను కానీ ఆ గాలిలో అది నాకే సరిగా వినిపించలేదు. చివరికి దోనీ నా వైపు తిరిగింది. నా తల ఎవరికీ కనిపించలేదనీ, ఆ నారింజ రంగు ఒక్కటే కనిపించిందనీ పైకి లాగిన కుర్రవాడు చెప్పాడు. బరువు ఎక్కువవుతుందని ఇంట్లో వదిలేయబోయిన వస్తువు అది, రవీ. ఇది రాస్తుంటే ఇప్పటికీ చేతులు...

అందుకే నీ సంచిలో మొదట బోయ, కనీసం 15 మీటర్ల దారం, ఈల, రెండు టార్చీలు పెట్టుకో. బయలుదేరే ముందు ఈత కొలనులో బోయ విప్పడం పదిసార్లు సాధన చెయ్యి. గట్టి పెట్టె తీసుకెళ్లకు, గదిలో దాన్ని పెట్టే చోటుండదు. మడిచి మంచం కింద తోసే మెత్తని సంచి కావాలి. చెప్పులు ఎక్కగానే బుట్టలో వేసేస్తారు కనుక జోళ్లు మోసుకెళ్లకు. నీరు 28 డిగ్రీలున్నా రోజుకు మూడు నాలుగుసార్లు దిగితే వణుకు పుడుతుంది, 3 మిల్లీమీటర్ల మందం డైవింగ్ సూటూ ఒక ఉన్ని టోపీ ఉంచుకో. వాంతుల మాత్ర పడవ కదలకముందే వేసుకో. జలుబు చేస్తే దిగకు, చెవులు పోతాయి.

ఛార్జింగు రాత్రంతా పెట్టి పడుకోవద్దు. కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవింగ్ పడవ 2019 సెప్టెంబరులో తెల్లవారకముందే అంటుకుని, కింది గదిలో నిద్రపోతున్న 34 మంది చనిపోయారు; కారణం కచ్చితంగా తేలలేదు కానీ ఛార్జింగులో పెట్టిన బ్యాటరీల మీదా అనుమానం ఉంది. మొదటి రాత్రే నీ గది నుంచి పైకి వెళ్లే రెండో దారి ఎక్కడుందో నడిచి చూసుకో. చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు, వీలైతే పూర్తిగా ఒక రోజు ఉండేట్టు టికెట్టు తీసుకో.

అలిమథా దీవి దగ్గర రాత్రి డైవ్‌లో నర్సు సొరచేపలు మా కాళ్ల మధ్య నుంచి ఎలా దూరాయో ఇంకా చెప్పనేలేదు. అక్కడ ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని టార్చి ఆర్పగానే... రంగుల మేస్త్రి పిలుస్తున్నాడు, ఈ గది కూడా ఖాళీ చేయాలట. మిగతాది రేపు రాస్తాను.

నీ,
సూరి