ఏడాది ఫీజు కట్టించుకుని పాయింట్ విలువ సగం చేశారు: మా ట్రావెల్ కార్డుపై ఫిర్యాదు

నోడల్ అధికారి గారికి,
క్రెడిట్ కార్డుల ఫిర్యాదుల విభాగం

విషయం: వార్షిక ఫీజు వసూలు చేశాక రివార్డు పాయింట్ల విలువ తగ్గించడం, ఎయిర్‌పోర్టు లాంజ్ (విశ్రాంతి గది) షరతులు మార్చడం గురించి.

అయ్యా,

హైటెక్ సిటీలో మా ఆఫీసు కింద మీవాళ్లు స్టాల్ పెట్టి అమ్మిన ట్రావెల్ క్రెడిట్ కార్డు వాడుతున్నాను. మార్చిలో ఈ ఏడాది ఫీజు 5,000 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ 900, మొత్తం 5,900 వేశారు. గడువులోపే కట్టేశాను. జూన్ 18న మెసేజ్ వచ్చింది, జులై 1 నుంచి విమాన టికెట్లకు వాడే పాయింట్ విలువ రూపాయి కాదు, 50 పైసలని. ఏడాది మొత్తానికీ డబ్బు ముందే తీసుకుని, దానికి బదులు ఇస్తామన్నది మధ్యలో సగం చేయడం అన్యాయం. నా ఫిర్యాదు ప్రధానంగా ఇదే.

కార్డు తీసుకునే ముందు లెక్క చూసుకునే తీసుకున్నాను. మీ ప్రతినిధి కూడా కాగితం మీద అదే లెక్క వేసి చూపించారు. వంద రూపాయల ఖర్చుకు రెండు పాయింట్లు. నెలకు పాతిక వేలు కార్డు మీద పెడితే ఏడాదికి మూడు లక్షలు, అంటే 6,000 పాయింట్లు, 6,000 రూపాయలు. ఫీజు పోగా మిగిలేది వంద. అయినా లాంజ్ ఉంది, విదేశాల్లో మార్కప్ (విదేశీ కరెన్సీ ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు ఛార్జీ) తక్కువ, గిట్టుబాటవుతుందనుకున్నాను. ఇప్పుడు అవే పాయింట్లకు వచ్చేది 3,000. అంటే ఏడాదికి 2,900 రూపాయలు నేనే మీకు ఎదురు కట్టాలి. పైగా ఇంటద్దెకు, పెట్రోలుకు, ఇన్సూరెన్స్ ప్రీమియానికి, వాలెట్‌లో వేసే డబ్బుకు పాయింట్లు లేవు. మాలాంటి ఇళ్లలో పెద్ద ఖర్చులన్నీ ఇవే. ఈ మాట స్టాల్ దగ్గర చెప్పలేదు.

పాయింట్లతో టికెట్ కొనాలంటే మీ పోర్టల్‌లోనే కొనాలి. గత నెల వైజాగ్ వెళ్దామని చూస్తే విమాన సంస్థ సొంత సైట్‌లో 4,200 ఉన్న టికెట్, అదే ఫ్లైట్, అదే సీటు, మీ పోర్టల్‌లో 4,480 ఉంది. కన్వీనియన్స్ ఫీజు వేరే. కొత్త విలువ ప్రకారం దానికి 8,960 పాయింట్లు కావాలి. ఏడాదిన్నర పాటు కార్డు గీకితే వైజాగ్‌కు ఒకవైపు టికెట్, అది కూడా ఎక్కువ ధరకు. దీన్ని ట్రావెల్ కార్డని ఎలా అమ్ముతున్నారు?

విదేశీ ఖర్చు సంగతి కూడా చెప్పాలి. సింగపూర్‌లో మా అక్క దగ్గరికి వెళ్లినప్పుడు ఈ కార్డే వాడాను. మార్కప్ 2 శాతమే అన్నారు, నిజమే. దానిమీద జీఎస్టీ కలిపితే 2.36 శాతం. పది వేల రూపాయల ఖర్చుకు 236 పోతుంది. ఆ పది వేలకు వచ్చే 200 పాయింట్ల విలువ ఇప్పుడు వంద రూపాయలు.

లాంజ్ దగ్గర జరిగింది నన్ను డబ్బు కన్నా ఎక్కువ బాధపెట్టింది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. శంషాబాద్‌లో కాసేపు కూర్చుని టిఫిన్ చేస్తుందని ఆమె పేరున యాడ్-ఆన్ కార్డు కూడా తీసుకున్నాను. కౌంటర్‌లో అమ్మాయి మా రెండు కార్డులూ పెట్టి చూసింది, రాలేదు. మళ్లీ పెట్టింది. అంతకుముందు మూడు నెలల్లో లక్ష రూపాయలు ఖర్చు చేస్తేనే లోపలికి పంపాలని కొత్త రూలు వచ్చిందని చెప్పింది. వెనక క్యూలో ఉన్నవాళ్లందరూ మావైపే చూస్తున్నారు. "పదమ్మా, నాకేం ఆకలిగా లేదులే" అంటూ అమ్మ నా చెయ్యి పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చింది. మీ జూన్ మెసేజ్‌లో లాంజ్ మాటే లేదు. ఇతర మార్పులకు వెబ్‌సైట్ చూడమని ఒక లింకు మాత్రం ఉంది.

స్టాల్‌లో కూర్చున్న అబ్బాయి మీద నాకు కోపం లేదు. అతనికి టార్గెట్ పెట్టింది మీరు, ఏం చెప్పాలో నేర్పిందీ మీరే. ఇప్పుడు ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఈ కార్డు తీసుకోవచ్చా అని నన్ను అడుగుతున్నారు. నెలకు లక్షకు పైగా ఖర్చుపెడుతూ, ఎప్పుడూ విమానాల్లో తిరిగేవాళ్లకైతే ఉపయోగపడొచ్చని చెబుతున్నాను. బిల్లు పూర్తిగా కట్టలేక మినిమం కట్టేవాళ్లయితే అసలు ముట్టుకోవద్దంటున్నాను. మీ వడ్డీ నెలకు 3.5 శాతం, ఏడాదికి 42 శాతం. ఆ నష్టాన్ని ఏ పాయింట్లూ పూడ్చలేవు.

రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన కార్డుల ఆదేశాల ప్రకారం ఛార్జీలు మార్చాలంటే కనీసం నెల ముందు చెప్పాలి. ఆ మార్పు నచ్చక కస్టమర్ కార్డు వదులుకుంటే అదనంగా ఏమీ వసూలు చేయకూడదు. మార్చింది పాయింట్లనే, ఛార్జీని కాదని మీ కాల్ సెంటర్‌లో అన్నారు. నేను ఒప్పుకోను. అదే 5,900కు ఇచ్చేది సగమైతే ధర రెట్టింపు చేసినట్టే. చెప్పింది కూడా రెండు వారాల ముందే.

కాబట్టి జూన్ 30 వరకు నేను సంపాదించిన పాయింట్లకు రూపాయి చొప్పున లెక్కగట్టి నా ఖాతాలో వేయండి. జులై నుంచి ఫిబ్రవరి వరకు ఎనిమిది నెలల ఫీజు, జీఎస్టీతో కలిపి 3,933 రూపాయలు, వెనక్కి ఇవ్వండి. ఆ తర్వాత నా కార్డు, అమ్మ కార్డు రెండూ క్లోజ్ చేయండి. బకాయిలేమీ లేవు. క్లోజ్ చేయమని అడిగాక ఏడు పనిదినాలు దాటితే రోజుకు 500 రూపాయల చొప్పున మీరే కస్టమర్‌కు చెల్లించాలని అవే ఆదేశాల్లో ఉంది. షరతులు తేలిక మాటల్లో, వీలైనంతవరకు స్థానిక భాషలోనూ ఉండాలని కూడా ఉంది. హైదరాబాద్‌లో స్టాల్ పెట్టినప్పుడు, దేనికి పాయింట్లు రావో, లాంజ్‌కు ఎంత ఖర్చు చేయాలో తెలుగులో ఒక్క పేజీ కాగితం సంతకానికి ముందే చేతికివ్వండి.

స్టేట్‌మెంట్లు, మెసేజ్ స్క్రీన్‌షాట్, రెండు సైట్లలో టికెట్ ధరల ఫొటోలు జతచేశాను. 30 రోజుల్లో సరైన సమాధానం రాకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఇవే కాగితాలతో ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ కార్డుదారు,
నల్లకుంట, హైదరాబాద్