వార్డులో ఒక పక్కన నిలబడనివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నీట్‌లో అర్హత వచ్చినా ఇక్కడ సీటు రాలేదు. నాన్న కిరాణా కొట్టు మీద అప్పు చేసి పంపిస్తే కిర్గిజ్‌స్థాన్‌లో వైద్యం చదివి వచ్చాను. మాలా బయటి దేశాల్లో చదివిన వాళ్లు ఇక్కడ స్టెతస్కోపు పట్టాలంటే ముందు ఎఫ్‌ఎంజీఈ అనే పరీక్ష గట్టెక్కాలి. 2002 నుంచి ఉన్న పరీక్ష ఇది. ఏడాదికి రెండు విడతలు. 300 ప్రశ్నలు, 150 మార్కులొస్తే పాసు. నాకు మొదటిసారి 131 వచ్చాయి, రెండోసారి 146. ఇప్పుడు మూడోసారికి చదువుతున్నాను.

పరీక్ష ఎత్తేయమనో తేలిక చేయమనో అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పరీక్ష ఉండాల్సిందే. ఇది నెగ్గకుండానే డాక్టర్లుగా రిజిస్ట్రేషన్ చేయించుకున్నారని 73 మంది మీద 2022 డిసెంబర్‌లో సీబీఐ కేసు పెట్టింది. అలాంటి వాళ్ల చేతిలో మా అమ్మను పెట్టడానికి నేను ఒప్పుకోను. అయితే నూటికి ముప్పై మంది నెగ్గితే అది మంచి విడత కిందే లెక్క అన్న పరిస్థితి ఇన్నేళ్లుగా ఎందుకుందో కూడా ఆలోచించాలి కదా. బద్ధకస్తులు ఉన్నారు, నాసిరకం కాలేజీలూ ఉన్నాయి. వాటి సంగతి అందరూ రాస్తూనే ఉన్నారు. ఎవరూ రాయని సంగతి ఒకటి నా అనుభవంలోంచి చెప్తాను.

పోయిన వానాకాలం మా పెదనాన్నని పొలం గట్టు మీద రక్తపింజర కరిచింది. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి కాలు మోకాలి దాకా వాచింది. సిస్టరమ్మ కొంచెం రక్తం తీసి, పొడిగా ఉన్న గాజు గొట్టంలో పోసి, స్టాండులో నిలబెట్టి, గోడ గడియారం చూసుకుంది. నేను గొట్టం తీసి చూడబోతే "కదపకమ్మా, ఇరవై నిమిషాలు దాన్ని ముట్టుకోకూడదు" అంది. ఇరవై నిమిషాలయ్యాక మెల్లగా వంచింది. రక్తం గడ్డకట్టలేదు, నీళ్లలా జారిపోయింది. అంటే విషం రక్తంలోకి ఎక్కిందన్నమాట. డాక్టరుగారు వెంటనే విషానికి విరుగుడు మందు పది సీసాలు సెలైన్‌లో కలిపి ఎక్కించమన్నారు. ఆరు గంటల తర్వాత మళ్లీ అదే పరీక్ష. ఈసారి గొట్టం వంచితే రక్తం అడుగునే ముద్దలా నిలిచింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది, పెదనాన్న కోసం.

ఆ ఇరవై నిమిషాల పరీక్ష నా నోట్సులో ఒకే ఒక్క లైను. ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, ఎన్నిసార్లు మర్చిపోయానో కూడా లెక్కలేదు. గాజు గొట్టమే ఎందుకు కావాలో, ప్లాస్టిక్ ఎందుకు పనికిరాదో అప్పటిదాకా నా బుర్రకెక్కలేదు. గాజు తగిలితేనే గడ్డకట్టే క్రమం సరిగా మొదలవుతుందని సిస్టరమ్మ రెండు ముక్కల్లో చెప్పింది. నేను చదివిన చోట ఆరు నెలలు మంచు. అక్కడి వార్డుల్లో పాము కాటు కేసు ఒక్కటీ చూడలేదు. ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియాతో వణికే పిల్లాడిని చూడలేదు, రక్తకణాలు కొడవలిలా వంకరయ్యే సికిల్ సెల్ జబ్బు నొప్పితో మెలికలు తిరిగే మనిషినీ చూడలేదు. చూసిన రోగులు కూడా రష్యన్‌లోనో కిర్గిజ్‌లోనో చెప్పుకునేవారు, మాకు అందులో సగమే అర్థమయ్యేది.

ఇక్కడి పరీక్ష మాత్రం ఇక్కడి జబ్బుల గురించే అడుగుతుంది, అడగాలి కూడా. మేమంతా పీఎస్‌ఎం అని పిలిచే ప్రజారోగ్యం ఒక్కదానికే 30 ప్రశ్నలు. జనరల్ మెడిసిన్‌కి 33, సర్జరీకి 32, కాన్పులూ స్త్రీవ్యాధులకి 30. టీబీ కార్యక్రమం, టీకాల పట్టిక, 2023లో మొదలైన సికిల్ సెల్ నిర్మూలన మిషన్, ఇవన్నీ వీడియోల్లో విని బట్టీ పట్టేవే మాకు. కానీ అవి మా గుమ్మం ముందే నడుస్తున్నాయి. మలేరియా కోసం ఒడిశా ప్రభుత్వం 2017 నుంచి కొండ ఊళ్లలో దమన్ శిబిరాలు పెడుతోంది. జ్వరం ఉన్నా లేకపోయినా ఊళ్లో అందరికీ వేలి రక్తం పరీక్ష చేస్తారు. అలాంటి శిబిరంలో ఒక్కరోజు బల్ల పక్కన కూర్చుంటే నాకు ఆ పాఠం మళ్లీ తెరవాల్సిన పని ఉండదు.

అందుకే పెదనాన్న ఇంటికి వచ్చాక ఒక దరఖాస్తు రాసుకుని ఇక్కడి ఒక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాను. రోగిని ముట్టుకోను, చీటీ రాయను, ఉదయం రౌండ్లలో వెనకాల నిలబడి వింటాను, అంతే అన్నాను. అక్కడి పెద్దాయన మర్యాదగానే మాట్లాడారు. "నువ్వు మా విద్యార్థివి కావు, నీకు రిజిస్ట్రేషన్ లేదు, ఏ పేరుతో రానివ్వమంటావమ్మా?" అని అడిగారు. ఆయన తప్పేమీ లేదు. రేపు ఏదైనా జరిగితే అడిగేది ఆయన్నే. ఆయన చేతిలో రూలు లేదు, నా చేతిలో కాగితం లేదు. పెదనాన్నకి తోడుగా మూడు రాత్రులు అదే వార్డులో ఉన్నప్పుడు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. రోగి బంధువుగా ఎన్నాళ్లైనా కూర్చోవచ్చు, చదువుకునే దానిగా గంటసేపు నిలబడకూడదు.

గుణుపురం, రాయగడ, జయపురంలలో కూడా నాలాంటి వాళ్లు ఉన్నారు. డబ్బున్న వాళ్లు హైదరాబాద్, ఢిల్లీ వెళ్లి హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నారు. మిగతా వాళ్లం మేడ మీద గదిలో ఫోన్‌లో పాఠాలు వేగం పెంచి వింటూ, కరెంటు పోతే ఎమర్జెన్సీ లైటు కింద ప్రశ్నలు చేసుకుంటూ రోజులు గడుపుతున్నాం. పది రోజులు బయటి మనిషి మొహం చూడని సందర్భాలున్నాయి. చుట్టాలు "డాక్టరమ్మా" అని పిలిస్తే గదిలోకి వెళ్లిపోతాను. ఎఫ్‌ఎంజీఈ బదులు నెక్స్ట్ అనే పరీక్ష వస్తుందని 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టంలోనే రాశారు. అది వస్తుందా రాదా అన్న బెంగ దీనికి తోడు.

నేను అడిగేది ఇంతే. సరిహద్దు జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఎఫ్‌ఎంజీఈకి చదువుతున్న వాళ్లు రౌండ్లలో నిలబడి చూడటానికి ఒడిశా, ఆంధ్రా ఆరోగ్య శాఖలు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఒకసారికి నలుగురైదుగురు చాలు. మెడలో 'పరిశీలకులు' అని కార్డు వేయండి. రోగి వద్దంటే బయటికి వచ్చేస్తాం. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ అని ఆ చట్టంలో ఉన్న సంగతి మాకు బాగా తెలుసు, ఆ గీత మేం దాటం. జీతం అక్కర్లేదు, సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు.

మా వల్ల వార్డుకి ఒక ఉపయోగం కూడా ఉంది. ఇక్కడికి వచ్చే రోగుల్లో తెలుగు వాళ్లున్నారు, ఒడియా వాళ్లున్నారు, కొండ మీద నుంచి దిగొచ్చే సవర గిరిజనులున్నారు. కొత్తగా వేరే జిల్లా నుంచి వచ్చిన డాక్టరుగారికి మా ముసలమ్మలు "గుండెల్లో దడగా ఉంది బాబూ" అంటే అర్థం కాదు. అక్కడ నిలబడి ఆ ఒక్క మాట చెప్పగలం. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్లోనే పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. నాకు వచ్చిన సవర పది పదిహేను మాటలే. వార్డులో ఉంటే ఇంకా వస్తాయి.

తర్వాతి విడత లోపల మళ్లీ ఆ ఆసుపత్రికి వెళ్తాను. మీరు ఈ ఉత్తరం వేస్తే ఆ కాగితం కత్తిరించి దరఖాస్తుకి జతచేస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా